మత్తు సూదికి ముందు కల్లు సంగతి అడగండి

సంపాదకులకు నమస్కారం.

మనిషి అదుపు తప్పి తిరగబడితే "ముందు మత్తు సూది వేయండి సార్" అని, రెండు రోజులకీ తగ్గకపోతే "కరెంటు పెట్టించండి" (తలకు కరెంటు ఇచ్చి ఫిట్ తెప్పించే ఈసీటీ వైద్యం) అని బంధువులు బతిమాలడం ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల ఆస్పత్రుల్లో మామూలే. రెండూ పనిచేసే వైద్యాలే. కానీ కల్తీ కల్లు, పురుగుల మందు, ఫ్లోరైడ్ నీళ్లు ఒంటిని దెబ్బతీసిన చోట వాటిని మామూలు లెక్కన ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ముందు సూది సంగతి. అది తీయకముందే గ్లూకోమీటర్‌తో షుగర్ చూడాలి. షుగర్ పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, జ్వరం మెదడుకెక్కినా మనిషి పిచ్చిపట్టినట్టే ప్రవర్తిస్తాడు. ఆ వెంటనే అడగాల్సింది కల్లు గురించి. రోజూ తాగుతాడా? ఆఖరుసారి ఎప్పుడు తాగాడు? కల్తీ కల్లులో కలిపేవి ఆల్ప్రజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. పొద్దున తాగి వచ్చిన మనిషికి అలాంటిదే అయిన లోరజెపామ్ 4 మి.గ్రా. ఇస్తే మత్తు మీద మత్తు పడి ఊపిరి మందగిస్తుంది. దుకాణం మూతపడి రెండు మూడు రోజులుగా తాగని మనిషికి లెక్క తిరగబడుతుంది. చేతుల వణుకు, చెమటలు, లేని పురుగులు కనబడటం, ఫిట్స్ అన్నీ అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగినందుకే. అక్కడ కావాల్సింది లోరజెపామ్ లేదా డైజీపామే. ఉన్మాదాన్ని తగ్గించే హాలోపెరిడాల్ ఒక్కటే వేస్తే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. గ్లూకోజ్ సీసా పెట్టేముందు థయామిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి. షుగర్ బాగా పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజ్ ఆపొద్దు, రెండూ ఒకేసారి ఇవ్వాలి.

కల్లు ప్రమేయం లేని ఉన్మాదానికి సాధారణంగా హాలోపెరిడాల్ 5 మి.గ్రా.తో పాటు అలర్జీకి వాడే ప్రోమెథజిన్ 25 నుంచి 50 మి.గ్రా. కండకు వేస్తారు. ఈ జోడీని వేలూరులోనే పరీక్షించి చూశారు. ప్రోమెథజిన్ లేకుండా వేస్తే కొందరికి మెడ వంకరపోతుంది, కళ్లు పైకి నిలబడిపోతాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కోసం పరిగెత్తేది ఇందుకే. ఒక్క చోట ఈ జోడీ పనికిరాదు. పురుగుల మందు తాగి వైద్యంలో ఉన్న మనిషి ఒళ్లు కాలి, నోరెండి, దుప్పటి పీకుతూ గొడవ చేస్తుంటే అది విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైన గుర్తు. ప్రోమెథజిన్ దాన్ని ఇంకా పెంచుతుంది. ముందు అట్రోపిన్ ఆపి చూడాలి.

సూది వేశాక వదిలేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకూ ఊపిరి, ఆక్సిజన్ శాతం, నాడి, బీపీ చూడాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. ఆక్సిజన్, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) మంచం పక్కనే ఉండాలి. మత్తు విరుగుడని ఫ్లుమాజెనిల్ ఇస్తే కల్లు అలవాటున్న మనిషికి ఫిట్స్ రావచ్చు. బ్యాగ్‌తో ఊపిరి అందించడమే మేలు. ఊళ్లో ఎవరైనా సూది వేసి 108 ఎక్కిస్తే మందు పేరు, మోతాదు, టైము చీటీ రాసి వెంట పంపండి. ఆ చీటీ లేక రెండోసారి వేసిన సూదే ముంచుతుంది.

ఇక కరెంటు. గొడవ చేసే మనిషిని లొంగదీయడానికి అది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ 72 గంటల అత్యవసర వైద్యానికి వీలిచ్చింది గానీ అందులో ఈసీటీని నిషేధించింది. మత్తు, కండరాలు వదులయ్యే మందు లేకుండా ఇవ్వడాన్ని 95వ సెక్షన్ ఎవరికీ అనుమతించదు. తిండీ నీళ్లూ మానేసి కొయ్యబారిన మనిషికి, చావాలనే పట్టుదల వదలని తీవ్ర కుంగుబాటుకు ఇది నిజంగా ప్రాణం పోస్తుంది. వారానికి రెండు మూడు చొప్పున 6 నుంచి 12 సార్లు ఇస్తారు. కొన్నాళ్లు మరుపు ఉంటుంది, ఆ మాట ముందే చెప్పాలి.

చిక్కు ఇక్కడే ఉంది. కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాల్లోనే విరుగుతుంది. దాన్ని విరిచే సూడోకోలినెస్టరేస్ అనే రక్తంలోని ఎంజైమ్‌ను ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు చంపేస్తుంది. అది మళ్లీ కోలుకోవడానికి వారాలు పడుతుంది. పురుగుల మందు తాగి చావు తప్పించుకున్న మనిషికే కుంగుబాటుకు ఈసీటీ అవసరమవుతుంది, ఆ మనిషికే సక్సినైల్‌కోలిన్ గంటల తరబడి ఊపిరి కట్టేస్తుంది. రక్తంలో ఈ కోలినెస్టరేస్ చూడకుండా మొదలుపెట్టొద్దు. తక్కువుంటే ఆగాలి, ఆగలేకపోతే మత్తు డాక్టరు రోక్యురోనియం, దాని విరుగుడు సుగమాడెక్స్ వాడతారు.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో మెడ, వెన్ను బిగుసుకుపోయిన పెద్దవాళ్లుంటారు. తల వెనక్కి వంగదు గనుక మత్తులో ఊపిరికి గొంతులో గొట్టం వేయడం కష్టం. మెడ ఎక్స్‌రే, మత్తు డాక్టరు పరీక్ష ముందురోజే కావాలి. ఒంట్లో కల్లులోని ఆల్ప్రజోలం ఉంటే కరెంటు పెట్టినా ఫిట్ సరిగా రాదు. అలాగని ఒక్కరోజులో మాన్పిస్తే పైన చెప్పిన వణుకూ ఫిట్సూ మొదలవుతాయి, మెల్లగా తగ్గించాలి.

కల్లు, పురుగుల మందు సంగతి పరువు పోతుందని దాచకండి, డాక్టరుకు చెప్పండి. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రుల క్యాజువాలిటీ చీటీలో ఈ రెండు ప్రశ్నలూ అచ్చువేయించాలని, కోలినెస్టరేస్ పరీక్ష రాత్రిపూట కూడా జరిగేలా చూడాలని అధికారులను కోరుతున్నాం.

మానసిక వైద్య, మత్తు వైద్య విభాగాల్లో పనిచేసే కొందరం,
మహబూబ్‌నగర్