గాజు పెట్టెలో బైబిలు

సంపాదకులకు నమస్కారం.

పరకాల దగ్గర మా పుట్టింటి ఊరి చర్చిలో, వేదిక పక్కన ఒక గాజు పెట్టె ఉంది. అందులో మా తాతగారి కాలం నాటి పెద్ద తెలుగు బైబిలు. మొన్న ఆదివారం ఆరాధనకు గంట ముందే వెళ్లి ఆ పక్కన కూర్చున్నాను. వచ్చిన ప్రతివారూ ముందు అద్దాన్ని తాకి, చేతులు కళ్లకద్దుకుని, ఆ తర్వాతే వెళ్లి కూర్చున్నారు. ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డ నుదుటిని అద్దానికి ఆనించింది. పెట్టె అడుగున మడతపెట్టిన చీటీలు, ఒక హాల్‌టికెట్ నకలు.

నేను లోపలికి తొంగి చూశాను. తెరిచి ఉన్నది మొదటి దినవృత్తాంతములలోని వంశావళి. వెలుతురు తగిలి ఆ రెండు పేజీలు డికాక్షన్ రంగుకు తిరిగాయి. అంచుల్లో పురుగు తొలిచిన సన్నని దారులు. పేజీ తిప్పి ఎన్నేళ్లయిందో! అక్కడ ఏముందని నలుగురిని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు.

వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. మావారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, ఎవరో ప్రార్థించి ఇచ్చిన నూనె సీసాను ఆయన తలగడ కింద పెట్టాను. అర్ధరాత్రి లేచి అది ఉందో లేదో తడిమి చూసుకునేదాన్ని. సీసా చేతికి తగిలితే నిద్ర పట్టేది. ఆ నెలంతా నేను ప్రార్థన చేయలేదని ఆయన పోయాక గానీ నాకు తెలియలేదు.

అరణ్యంలో మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చేయమన్నదే. పాము కాటు తిన్నవాళ్లు దానివైపు చూసి బతికారని సంఖ్యాకాండం చెబుతోంది. కొన్ని వందల ఏళ్ల తర్వాత జనం దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. అది పరాయి దేవుడి బొమ్మ కాదు, పూర్వీకుల ప్రాణాలు కాపాడిన గుర్తు. దాన్ని పగలగొట్టడానికి ఆ రాజుకు ఎంత గుండె కావాలి! అంతకుముందు, పది ఆజ్ఞల పలకలుంచిన పవిత్రమైన పెట్టెను, అంటే మందసాన్ని, ఇశ్రాయేలీయులు యుద్ధానికి మోసుకెళ్లినప్పుడూ గెలుపు రాలేదు. 30,000 మంది కాల్బలం కూలింది, మందసం శత్రువులైన ఫిలిష్తీయుల చేతికి చిక్కింది.

మా బైబిలును ఎవరూ ముక్కలు చేయనక్కరలేదు. తెరిచి చదివితే చాలు. 1818లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది, 1854 నాటికి మొత్తం బైబిలు తెలుగులోకి వచ్చింది. అంత శ్రమా మనవాళ్లు మన మాటల్లో చదువుకోవాలనే కదా.

పోయిన నెల సున్నం వేయడానికి పెట్టెను పక్కకు జరపాలంటే రెండు వారాలు గొడవ జరిగింది. ఆ రెండు వారాలూ బుధవారం ప్రార్థన కూటం లేదు. దాని గురించి మాత్రం ఎవరూ గొడవపడలేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

తాళంచెవి సంఘ పెద్ద ఇంట్లో ఉంది. వారానికి ఒక అధ్యాయం పిల్లలతో అందులోంచే చదివిస్తానని అడిగాను. "అమ్మా, దాన్ని బయటికి తీస్తే సంఘానికి మంచిది కాదంటున్నారు" అన్నారాయన. ఆయన మంచివారు, నిజంగానే భయపడుతున్నారు. మీ పత్రిక వాళ్లింటికి వెళుతుంది గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను. అక్షరాలు పెద్దవి, అయిదో తరగతి పిల్లలు కూడా చదవగలరు.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, హనుమకొండ