ప్రభువు బల్ల సిద్ధం చేసే పని నీకొచ్చిందటగా

కడప

ప్రియమైన అబ్బీ,

ప్రభువు నామంలో వందనాలు. వచ్చే నెల మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువును తలచుకుంటూ సంఘమంతా పంచుకునే రొట్టె, ద్రాక్షరసం, సిద్ధం చేసే బాధ్యత మీ సంఘం నీ చేతిలో పెట్టిందని తెలిసి చాలా సంతోషమైందిరా. దీన్ని వంటపనిగా చూడొద్దు. ప్రభువు ‘నన్ను తలచుకోండి’ అని ఊరుకోలేదు, తలచుకోవడానికి ‘దీన్ని చేయండి’ అన్నాడు. ఆ చేయడం శనివారం నీ పొయ్యి దగ్గరే మొదలవుతుంది.

120 మందికి రెండున్నర కిలోల నల్ల ద్రాక్ష తీసుకో. చిన్న గిన్నెకు 10 మిల్లీలీటర్లు పోసినా ఇంకా కొంచెం మిగులుతుంది. స్టీలు పాత్రే వాడు, అల్యూమినియంలో పులుపు తగిలి లోహపు రుచి దిగుతుంది. పండ్లు చిదిమి సన్నటి మంట మీద పెట్టి, అంచున బుడగలు కనిపించగానే ఇంకా తగ్గించి పది నిమిషాలుంచు. తెర్లనిచ్చావంటే రంగు చెడుతుంది. పల్చటి గుడ్డలో వడకట్టేటప్పుడు గట్టిగా పిండొద్దు, వగరొస్తుంది. వేడి నీళ్లలో మరిగించిన సీసాలో వేడిగా ఉన్నప్పుడే పోసి మూత బిగించు. తొక్క మీదుండే ఈస్టు చావకుంటే మన కడప ఎండకు తెల్లారేసరికి పులిసిపోతుంది. పులియకుండా రసాన్ని ఇట్ల వేడిచేసే పద్ధతిని అమెరికాలో థామస్ వెల్చ్ అనే దంతాల డాక్టరు 1869లో ప్రభు భోజనం కోసమే మొదలుపెట్టినాడు. ద్రాక్ష దొరకని నెలల్లో అరకిలో నల్ల ఎండుద్రాక్షను లీటరున్నర నీళ్లలో రాత్రంతా నానేసి, ఉడికించి వడకట్టు.

రొట్టెకు 200 గ్రాముల గోధుమపిండి, మూడు చెంచాల నూనె, కొంచెం కొంచెంగా నీళ్లు. సోడా, ఈస్టు వద్దు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయల్దేరిన రాత్రి పిండి పులిసేంత వ్యవధి లేదు కదా, ఆ జ్ఞాపకం ఇందులో ఉంది. నాలుగు రొట్టెలు పల్చగా వత్తి, ఫోర్కుతో అంతటా పొడువు, లేకుంటే పొంగుతాయి. మూడింటి మీద కత్తితో గళ్లు గియ్యి. నాలుగోదాని మీద గీతలొద్దు, పాస్టరు అయ్యగారు అందరి ముందు విరిచేది దాన్నే. ఒకే రొట్టెలో అందరం పాలివాళ్లమని అపొస్తలుడు పౌలు రాసినాడు కదా, అది కంటికి కనపడాల. పిండి మెత్తగా కలిపితే తోలులా సాగుతుంది, విరగదు. సన్నటి సెగ మీద తడి పూర్తిగా ఆరేదాకా కాల్చు.

ఇంక ముఖ్యమైనది. యేసు ప్రభువు రొట్టె పట్టుకుని, విరవకముందు కృతజ్ఞతలు చెల్లించినాడు, అదీ శత్రువుల చేతికి అప్పగింపబడిన రాత్రి. ప్రభు భోజనానికి వాడే యూకరిస్టియా అనే గ్రీకు మాటకు అర్థమే కృతజ్ఞత. మన కూడికల్లో తొందరపడి దాటేసేది ఈ భాగాన్నేరా, నాకు బాధగా ఉంటుంది. అయ్యగారిని అడిగి బైబిల్లోని 136వ కీర్తన చదివించు. 26 వచనాల్లోనూ మొదటి సగం అయ్యగారు, రెండో సగం సంఘం చదవాల. అందులో ‘అన్నీ చేశావు ప్రభువా’ అని గుంపగుత్తగా ఉండదు, సముద్రం చీల్చినది వేరు, అరణ్యంలో నడిపించినది వేరు. ఆ తర్వాత సంఘంలో వాళ్లు చెప్పే సాక్ష్యాలు కూడా అట్లనే రావాల: బోరులో నీళ్లు పడినాయి, శనగ పంట చేతికొచ్చింది, పాప జ్వరం తగ్గింది.

మిగిలిన రొట్టె మీరే తినేయండి, రసం మోరీలో పారబోయొద్దు. గిన్నెలు ముందు మంచినీళ్లతో తొలిచి ఆ నీళ్లు చెట్టు మొదట్లో పొయ్యి, సబ్బు తర్వాత. బల్ల మీద పరిచే తెల్లగుడ్డను మాత్రం శుక్రవారమే ఉతికి ఆరెయ్యి.

నీ అన్న