నానమ్మకు చదువు లేదు అన్నావు కదా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "నానమ్మకు చదువు లేదు కదా నాన్నా, అందుకే మెదడు ఇలా అయిపోయిందేమో" అన్నావు. బాధలో అన్నావని తెలుసు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. తీరిగ్గా రాస్తేనే మేలనిపించింది.

మన హైదరాబాద్‌లోనే, నిమ్స్‌లో, డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం చేసిన పరిశోధన ఒకటుంది. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చింది. డిమెన్షియా, అంటే నానమ్మకు వచ్చిన ఈ మతిమరుపు జబ్బు, ఉన్న 648 మంది కేసులు పరిశీలించారు. అందులో 391 మందికి రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే వీళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడ్డాయి. అంతకుముందు కెనడాలోని టొరంటోలో కూడా దాదాపు ఇంతే తేడా కనిపించింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్ళలో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. తేడా భాష వల్ల వచ్చిందా, వలస వచ్చినవాళ్ళ బతుకు తీరు వల్ల వచ్చిందా అన్న అనుమానం మిగిలిపోయింది. మన ఊళ్ళో ఆ చిక్కు లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఉర్దూ. దానికోసం ఎవరూ ఎక్కడికీ వలసపోలేదు.

నువ్వు సైకాలజీ చదువుతున్నావు కాబట్టి ఆ పేపర్‌లో ఒక్క చోట ఆగి చూడమంటాను. బడి మొహం చూడని వాళ్ళను కూడా వాళ్ళు విడిగా లెక్క కట్టారు. వాళ్ళలోనూ తేడా ఉంది, పైగా ఆరేళ్ళు! మామూలుగా భాషలు ఎక్కువ వచ్చినవాళ్ళకు చదువూ ఎక్కువే ఉంటుంది, ఏది దేనివల్లో తేల్చలేం. అక్షరం రాకుండానే రెండు భాషలు ధారాళంగా మాట్లాడే మనుషులు మన దగ్గర దొరికారు కాబట్టే ఆ ముడి కొంతైనా వీడింది.

నానమ్మ అలాంటి మనిషే. మీరాలం మండిలో కూరగాయలు అమ్మినన్నాళ్ళూ రైతులతో తెలుగు, బేరానికి వచ్చినవాళ్ళతో ఉర్దూ. ఒకే ఊపిరిలో ఇటు తిట్టి అటు నవ్వేది. రజాకార్ల గొడవ తనకు బాగా గుర్తని చెప్పేది, దాన్నిబట్టి వయసు ఊహించుకో. డెబ్బై దాటాక కూడా అరువు లెక్కలన్నీ నోటిమీదే ఉండేవి. మొన్న తోటకూర కట్ట చేతిలో పెడితే విప్పి, ముదురు కాడలు ఏరేసి, మళ్ళీ బిగించి కట్టి, "చార్ ఆనే సే కమ్ నై" అంది. నేనెవరో మాత్రం గుర్తుపట్టలేదు.

రెండు భాషలే ఆమెను అన్నేళ్ళు కాపాడాయని నేను అనను. ఒక్క మనిషిని చూసి అలా తేల్చడం కుదరదు. ఆ పేపర్ కూడా భాషలు వస్తే జబ్బు రాదని చెప్పలేదు. అందులో ఉన్న 648 మందికీ వచ్చింది కదా! మూడో భాష, నాలుగో భాష వల్ల అదనంగా లాభమేమీ కనిపించలేదు. విదేశాల్లో వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించిన కొన్ని పరిశోధనల్లో ఈ తేడాయే కనిపించలేదు. చదువు తక్కువైతే ముప్పు ఎక్కువన్న నీ మాటా వట్టిది కాదు, డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా దాన్ని ముప్పుల్లో ఒకటిగా చేర్చింది. నాకు కష్టం కలిగించేది వేరే. చదువు లేదనగానే ఆ బుర్రలో ఏమీ లేదనుకుంటారు. మనం మొదట చూపించిన చోట ఆమె చేతికి పెన్సిల్ ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. పుట్టి బుద్ధెరిగాక పెన్సిల్ పట్టని మనిషి! బల్ల మీద పెట్టేసి కొంగు సర్దుకుని కూర్చుంది. దానికీ మార్కులు తగ్గించారు. సువర్ణ గారి బృందం జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగువాళ్ళకు తగ్గట్టు ఎందుకు మార్చిందో నాకు ఆ రోజు అర్థమైంది.

దసరాకు వచ్చినప్పుడు నానమ్మతో ఉర్దూలో మాట్లాడు. నీ హిందీ చాలు, ఆమె సర్దుకుంటుంది. సాయంత్రమయ్యేసరికి కంగారు ఎక్కువవుతుంది, అందుకని పొద్దున టీ తాగేటప్పుడు పక్కన కూర్చో. నేనెవరో చెప్పు చూద్దాం అని మాత్రం అడగకు, దానికి ఆమె చాలా టెన్షన్ పడుతుంది. టికెట్ ఏ రోజుకు దొరికిందో అమ్మకు మెసేజ్ పెట్టు.

మీ నాన్న