వృద్ధుల కోసం ఇచ్చే దాతలు జట్టు కట్టేముందు

సంపాదకులకు,

అమెరికాలో స్థిరపడి కుటుంబం పేరిట ఫౌండేషన్ పెట్టుకున్న తెలుగువారిలో కొందరు ఊళ్లో పెద్దవాళ్ల కోసం ఏదైనా చేయాలనుకుంటూ, ‘గ్రాంట్‌మేకర్స్ ఇన్ ఏజింగ్’లో చేరితే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. వృద్ధుల కోసం డబ్బిచ్చే దాతృత్వ సంస్థల కూటమి అది, 1982 నుంచి ఉంది. చేరడం మంచిదే. అయితే దరఖాస్తు నింపేముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి.

ముందుగా, మీరు ఇచ్చేవారా, అడిగేవారా? ఇలాంటి కూటములు గ్రాంట్లు ఇచ్చేవారి కోసం. వృద్ధాశ్రమం తామే నడుపుతూ దానికి విరాళాలు పోగుచేసే సంఘాలకు అక్కడ పని లేదు. సభ్యత్వం తీసుకుని సమావేశంలో పక్క కుర్చీవాళ్ల ముందు రసీదు పుస్తకం తీస్తే మర్నాటి నుంచి మీతో ఎవరూ మాట్లాడరు.

తర్వాత సభ్యత్వ చందా ఏ జేబులోంచి అన్నది. తడబడేది ఎక్కువగా ఇక్కడే. సభ్యత్వం ఫౌండేషన్ పేరిటే ఉండాలి. వ్యక్తి పేరిట తీసుకుని ఫౌండేషన్ చెక్కు ఇస్తే అమెరికా పన్ను చట్టం దాన్ని సొంత లాభానికి వాడుకున్నట్టు లెక్కగట్టి జరిమానా వేస్తుంది. డబ్బు ఫౌండేషన్‌లో కాక డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో (వేరే దాతృత్వ సంస్థ దగ్గర ఉంచి, ఎవరికివ్వాలో మీరు సూచించే నిధి) ఉంటే ఇంకా జాగ్రత్త. చందాకు బదులుగా సమావేశాల ప్రవేశం వంటి ప్రయోజనం మీకు దక్కుతుంటే ఆ ఫండ్ నుంచి కట్టకూడదు, సొంత డబ్బుతో కట్టుకోవడమే క్షేమం. ఫౌండేషన్ ఏటా తన ఆస్తుల్లో సుమారు 5 శాతం పంచాలన్న నిబంధన ఉంది కదా, చందా ఆ లెక్కలోకి వస్తుందో లేదో ఆడిటర్‌తో ముందే రాయించుకోండి.

సమావేశాలకు గుమస్తాను కాదు, గ్రాంటు మీద సంతకం పెట్టేవారిని పంపండి. వెళ్లేవారు ‘వృద్ధాశ్రమం కట్టిస్తాం’ అనే మాట పక్కన పెట్టి వెళ్లాలి. మనవాళ్ల డబ్బు భవనానికి, దానిమీది శిలాఫలకానికి త్వరగా దొరుకుతుంది, ఆయా జీతానికి దొరకదు. రాత్రింబవళ్లు ఒక ఆయా ఉండాలంటే వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 48 గంటలు చేస్తే మూడున్నర మంది, సెలవులు కలిపితే నలుగురు. అంటే ఒక్క ఆయాకు నాలుగు జీతాలు! మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి కాబట్టి ఈ ఖర్చులో కోత పెట్టే వీలు లేదు. ఇలాంటి ఖర్చుకు ఏటేటా డబ్బు ఎలా నిలబెడుతున్నారో అడగడానికే ఆ కూటమి.

అక్కడ నేర్చుకోదగ్గది మరొకటి ఉంది. న్యూయార్క్‌లోని జాన్ ఎ. హార్ట్‌ఫర్డ్ ఫౌండేషన్ డబ్బిచ్చి నడిపించిన పద్ధతిలో వృద్ధ రోగి విషయంలో నాలుగు చూస్తారు: ఆ మనిషికి ఏది ముఖ్యం, మందులు, మనసు-జ్ఞాపకం, నడక. మన ఊళ్ల వైద్య శిబిరాలకు ఇది అతుకుతుంది. మోకాళ్లకు ఒక డాక్టరు, బీపీకి ఒకరు, నిద్రకు ఇంకొకరు రాసిన మాత్రలన్నీ ఒకే క్యారీబ్యాగులో ఉంటాయి. ఆ సంచీ బల్లమీద బోర్లించి చూసే మనిషికి జీతమిస్తే, కొత్త మాత్రలు పంచడం కన్నా మేలు. నిద్రమాత్ర వేసుకుని అర్ధరాత్రి బాత్రూంకు లేచి పడిపోయేవాళ్లు ఎందరో!

అక్కడి పద్ధతుల్లో ఇక్కడ చెల్లనిది కూడా ఒకటుంది. నలుగురు దాతలు కలిసి ఒక పెద్ద సంస్థకు డబ్బు వేస్తే, అది చిన్న సంస్థలకు పంచడం అమెరికాలో మామూలు. విదేశీ విరాళాలను నియంత్రించే మన ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. ప్రతి సంస్థా ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండి, న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని తన ఖాతాలోకి నేరుగా తీసుకోవాలి. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆస్పత్రి వైద్యుల జీతాలు, బడి టీచర్ల జీతాలు ఆ 20 శాతంలోకి రావని నిబంధనలే చెబుతున్నాయి. ఆయాల జీతాలనూ సేవాకార్యక్రమం పద్దులోనే చూపించి, ఆ సంగతి ఒప్పందంలో రాయించండి.

భారత పౌరుడిగానే ఉన్న ఎన్నారై సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డు చూపించినా ఆ మినహాయింపు రాదు, ఫౌండేషన్‌కు అసలే రాదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ రెండు లెక్కలు.

అమెరికా పన్ను చట్టం వైపు చూస్తే, ఫౌండేషన్ ఇక్కడికి గ్రాంటు పంపేముందు, ఇక్కడి సంస్థ అమెరికా దాతృత్వ సంస్థలతో సమానమేనని న్యాయవాది తేల్చి రాసివ్వాలి. లేదంటే ఆ డబ్బు సరిగ్గా ఖర్చయ్యేలా చూసే బాధ్యత ఫౌండేషనే మోస్తూ ముందస్తు విచారణ, రాతపూర్వక ఒప్పందం, ఏటా నివేదిక పెట్టుకోవాలి. రెండూ లేకుండా పంపితే ఆ మొత్తంపై ఫౌండేషన్‌కు 20 శాతం పన్ను పడుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్లే. మూడేళ్ల గ్రాంటు రాసేముందు ఆ పత్రం మీది తేదీ చూడండి.

— ట్రస్టుల లెక్కలు చూసేవారం, హైదరాబాద్