శీనుగాడికి, ఆ రమ్ము సంగతి

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. రెండు నిమిషాల్లో పిల్లల చదువుల గురించి పది సెకన్లు చెప్పావు. మిగతాదంతా "ఆ అమెరికా పాటగాడు బ్రూనో మార్స్ రమ్ము నిజంగా బాగుంటుందా, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తావా" అన్న గోలే. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావు. అందుకే ఉత్తరం. కూర్చుని చదువు.

సినిమావాళ్లు, పాటలవాళ్లు అమ్మే సీసాలంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపే. హాలీవుడ్ నటుడు జార్జ్ క్లూనీ వాళ్లు 2013లో కాసమిగోస్ అని ఒక టెకీలా, అదే మెక్సికో మందు, మొదలుపెట్టారు. 2017లో దాన్ని డియాజియో అనే పెద్ద మందు కంపెనీ కొనేసింది. 70 కోట్ల డాలర్లు ముందే, ఇంకో 30 కోట్ల దాకా అమ్మకాలను బట్టి. ఆ అంకె విన్నాక ఎవడికి మాత్రం ఇంట్లో కూర్చోబుద్ధవుతుంది? ఇంకో నటుడు రయన్ రెనాల్డ్స్ జిన్నులో దిగాడు, 2020లో అదీ అదే కంపెనీకి వెళ్లింది. మన రానా, అనిరుధ్ కలిసి 2024లో లోకా లోకా అని టెకీలా దించారు. స్పానిష్‌లో లోకా అంటే పిచ్చిది, మనకేమో లోకం. సీసాలో ఏముందో నాకు తెలీదు గానీ, ఆ పేరు పెట్టినవాడికి మాత్రం దండం పెట్టొచ్చు.

మనం కాలేజీలో ఓల్డ్ మాంక్ ఏ హీరో చెప్పాడని తాగాంరా? 1954 నుంచి ఆ బొద్దు సీసా అలాగే ఉంది, 42.8 శాతం ఆల్కహాలూ అలాగే ఉంది. అందుకే నువ్వడిగిన బ్రూనో మార్స్ రమ్ము, ఈ సెల్వారే సీసా, కొనేటప్పుడు సగం తిట్టడానికే కొన్నాను. ఒప్పుకుంటున్నా.

సెల్వారే అంటే అడవిరాజు అనుకో. బ్రూనో మార్స్ దీనికి ఊరికే ఫొటో దిగి వెళ్లిపోయినవాడు కాదు, యజమానుల్లో ఒకడు. కానీ రమ్ము కాచేది అతను కాదు కదా. అది పనామాలో పెసే అనే ఊరి డిస్టిలరీలో తయారవుతుంది. దాని వెనక ఉన్నాయన పేరు డాన్ పాంచో. ఫ్రాన్సిస్కో ఫెర్నాండెస్ అసలు పేరు. క్యూబా మనిషి. అక్కడ దశాబ్దాల పాటు రమ్ము పనిలోనే ఉండి తర్వాత పనామా చేరాడు. ఇక్కడి షాపులో అడిగితే ఆయనెవరో ఒక్కడికీ తెలియలేదు. పాట పాడినాయన పేరు చెప్పగానే అల్మరా చూపించారు.

ఇక పరీక్ష సంగతి. లేబుల్ చూస్తే నాలుక మాట మార్చేస్తుందని నాకు తెలుసు కాబట్టి మీ చెల్లెమ్మని జడ్జిగా కూర్చోబెట్టాను. నాలుగు తెల్ల రమ్ములు: సెల్వారే వైట్, బకార్డి, జమైకా వాళ్ల రేయ్ అండ్ నెఫ్యూ, ఇంకోటి షాపులో కింది అరలో పడున్న చవక సరుకు, దాని పేరెందుకులే. రంగు కనబడకుండా స్టీలు గ్లాసులు. ఏది ఏదో గుర్తుకి ఆవిడ గ్లాసుల అడుగున బొట్టుబిళ్లలు అంటించింది, ఒక్కోదానికి ఒక్కో రంగు. నన్ను బాల్కనీలోకి తోసి తలుపేసింది. డాలస్ చలిలో పది నిమిషాలు నిలబడ్డాను రమ్ము కోసం.

మొదటి గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే దొరికిపోయింది. బాగా మగ్గి, తొక్క నల్లబడి, రేపో మాపో పారేయాల్సిన చక్కెరకేళి గెల తెచ్చి గదిలో పెట్టినట్టు. అది జమైకా. 63 శాతం, చెక్క పీపా మొహం చూడని సరుకు. జమైకా వాళ్లు చెరకు మడ్డిని బాగా పులియనిచ్చి పాట్ స్టిల్‌లో కాస్తారు. పాట్ స్టిల్ అంటే మన సారా బట్టీకి పెద్దన్న అనుకో. ఆ ఘాటు చాలావరకు అక్కడిదే. పనామా వాళ్ల దారి వేరు. వాళ్లది పొడుగాటి గొట్టం లాంటి కాలమ్ స్టిల్. ఆవిరి అంతస్తులంతస్తులుగా పైకెక్కి, కడుక్కుని, తేలికగా దిగుతుంది.

రెండో గ్లాసు తియ్యగా, సెంటు కొట్టినట్టుంది. ఐస్‌క్రీమ్ బండి వాసన. "ఇదే మన పాటగాడిది, పంచదార పోసి మోసం చేశారు" అని కాగితం మీద రాసేశాను. మూడోది శుభ్రంగా ఉంది గానీ నీళ్లనీళ్లగా జారిపోయింది. నాలుగోది మాత్రం ఆపింది. ముందు కొబ్బరి, కొంచెం వెనిలా, మింగాక నాలుక చివర చెక్క వగరు. అరచెంచా నీళ్లు కలిపితే ఇంకో వాసన లేచింది. నీకు గుర్తుందా, అనకాపల్లిలో మీ తాతగారి తోటలో బెల్లం వండుతుంటే పాకం పెనం మీంచి వచ్చే పొగ? దాని ఆఖరి మసక. అంతే, ఒక్క క్షణం. "పని తెలిసినవాడి చెయ్యి" అని రాశాను దాని పక్కన.

గ్లాసులు తిరగేశాం. తియ్యటి సెంటు గ్లాసు కింద ఆకుపచ్చ బిళ్ల: కింది అర సరుకు. నాలుగో గ్లాసు కింద ఎర్ర బిళ్ల. సెల్వారే. మీ చెల్లెమ్మ ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

తర్వాత చదివితే అర్థమైంది, ఆ చెక్క వగరు ఎక్కడిదో. తెల్ల రమ్ము కదా, పచ్చిది అనుకుంటాం. ఇది మూడేళ్లు, ఐదేళ్లు పీపాల్లో ఉన్న రమ్ముల కలయిక. తర్వాత బొగ్గులోంచి వడకట్టి రంగు తీసేస్తారు. రంగు పోతుంది గానీ వయసు పోదు.

అలాగని నెత్తిన పెట్టుకోకు. విడిగా సిప్ చేస్తే రెండో గుక్కకే దాని దగ్గర చెప్పడానికి కొత్త కబురు ఉండదు. నిమ్మరసం, కాస్త పంచదార, ఐసు వేసి కలిపితే మాత్రం భలే ఉంది. పాతిక డాలర్ల పైచిలుకు పెట్టాను. అందులో కొంత ఆ పేరుకే పోయుంటుంది, అది నువ్వూ నేనూ కట్టాల్సిందే.

పంచదార అనుమానం ఉంటే ఒక చిట్కా. రెండు చుక్కలు అరచేతిలో వేసి గట్టిగా రుద్ది ఆరనివ్వు. చేతులు జిగటగా అంటుకుంటే తీపి కలిపారన్నమాట. మోజున్నవాళ్లు హైడ్రోమీటర్, అదే మందు బలం కొలిచే గాజు గొట్టం, ముంచి చూస్తారు. సీసా మీద 40 అని ఉండి లోపల 35 చూపిస్తే లీటరుకు ఇంచుమించు 20 గ్రాముల పంచదార దాక్కున్నట్టు లెక్క. స్వీడన్‌లో సర్కారు మందు దుకాణం వాళ్లు ఆ లెక్క తామే ప్రకటిస్తారు. మన దగ్గర ఎవడు చెబుతాడు?

సెల్వారే వాళ్లదే చాక్లెట్ రమ్ము కూడా తెచ్చాను, నీ కోసమే. దానికి అరచేతి పరీక్ష అక్కర్లేదు, పేరులోనే ఉంది. అది 35 శాతమే. ఇక్కడి అమెరికా చట్టంలో ఉత్త రమ్ అని రాయాలంటే 40కి తగ్గకూడదు, అందుకే ఫ్లేవర్డ్ అని రాస్తారు. మూత తీయగానే మీ చెల్లెమ్మ "బూస్ట్ డబ్బాలా ఉందే" అంది. నేను ఒక గుక్క వేసి పక్కన పెట్టాను. ఆవిడ మాత్రం వెనిలా ఐస్‌క్రీమ్ మీద రెండు చెంచాలు పోసుకుని, గిన్నె నాకు అందకుండా తిప్పుకుంది. కాబట్టి దాని తీర్పు నాది కాదు.

ఇప్పుడు లెక్క చెప్పు. మనిషికి రెండు లీటర్లు కస్టమ్స్ వాళ్లు సుంకం లేకుండా వదులుతారు. ఇక్కడి సీసా 750 మిల్లీలీటర్లు. అంటే రెండే, మూడోది పట్టదు. ఒకటి సెల్వారే వైట్ ఖాయం. రెండోదానికి నేను ఆ జమైకా చక్కెరకేళిది తెద్దామనుకుంటున్నా. నువ్వు చాక్లెట్ అంటే తెస్తాను గానీ, ముందు మీ ఇంట్లో చెల్లాయిని అడుగు. అది నీదాకా మిగిలే సీసా కాదు.

ఆదివారం లోపు చెప్పు. సూట్‌కేసు తూకం వేయాలి.

నీ
బుజ్జి