మణికట్టు నొప్పి దాచుకున్న అమ్మడికి

బరంపురం,
ఆదివారం రాత్రి.

అమ్మడూ,

నాన్న దీవెనలు. ఫోనులో అడిగితే "ఏం లేదు నాన్నా" అని మాట దాటేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాకు చెప్పొద్దని అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నావట. మూడు రోజులు దాచింది. నాలుగో రోజు నాకు అన్నం వడ్డిస్తూ ఏడ్చేసింది. అమ్మనేమీ అనకు.

కుడి మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని రోజుకి ఏడు గంటలు పియానో వాయిస్తున్నావట. పోటీ దగ్గర పడిందని మాస్టారికి కూడా చెప్పలేదట. ఈ ఉత్తరం అందిన రోజే ఆయనకి చెప్పు. మిగిలింది తర్వాత చదువుకోవచ్చు.

నా భుజం సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు మూడో తరగతిలో ఉండగా ఒక పెళ్ళివారికి ఏడు పట్టుచీరలు ఒప్పుకున్నాను. రెండో చీర మీద ఉన్నప్పుడే నొప్పి మొదలైంది. మగ్గం మీద అచ్చు లాగిన ప్రతిసారీ భుజంలో నిప్పు పెట్టినట్టుండేది. నూనె రాసుకుని, గుడ్డ కట్టుకుని మళ్ళీ మగ్గం గుంటలో దిగేవాణ్ణి. బేరం పోతుందని భయం. ఆరో చీర సగంలో ఉండగా చెయ్యి పైకి లేవనంది. ఎనిమిది నెలలు మగ్గం మీద అమ్మే కూర్చుంది. మొదట్లోనే పదిహేను రోజులు ఆగి ఉంటే సరిపోయేదని డాక్టరు అన్నాడు. ఇప్పటికీ ఆ చేత్తో అటక మీది చెంబు అందుకోలేను. నువ్వు చుట్టుకున్న బ్యాండేజీ మాట వినగానే నాకు ఆ గుడ్డ గుర్తొచ్చింది.

సెలవులకి వచ్చినప్పుడు నువ్వు వదిలేసిన పుస్తకం తమ్ముడి చేత చదివించుకున్నాను. అందులో లియాన్ ఫ్లైషర్ అనే పియానో విద్వాంసుడి గురించి ఉన్న పేజీలు రెండుసార్లు చదవమన్నాను. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పియానో పోటీ గెలిచిన మనిషి. 36 ఏళ్ళకి కుడిచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ వాటంతటవే లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. సాధన చాలడం లేదేమోననుకుని ఆయన ఇంకా ఎక్కువ సాధన చేశాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ పాటు ఎడమచేతికి మాత్రమే రాసిన సంగీతం వాయించాడు, పాఠాలు చెప్పాడు, ఆర్కెస్ట్రాలు నడిపాడు. ముసలితనంలో గానీ రెండు చేతులూ మళ్ళీ కలవలేదు. నీది ఆ జబ్బని నేననడం లేదు. అది డాక్టరు చెప్పాలి. కానీ నొప్పి పుట్టినప్పుడు చెయ్యి ఏదో చెబుతోంది కదమ్మా, దాని మాట మీద ఇంకో రెండు గంటల సాధన పోయకు.

నువ్వు పట్టుకున్నది షోపెన్ అనే స్వరకర్త పదో ఓపస్‌లో, అంటే పదో నంబరు రచనల సంపుటిలో, రెండో ఎట్యూడ్ అని, ఎట్యూడ్ అంటే సాధన కోసం రాసిన కృతి అని తమ్ముడు చెప్పాడు. 1833లో అచ్చయిందట. కుడిచేతిలో బలం తక్కువున్న మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేళ్ళతోనే స్వరాలన్నీ పరుగెత్తించాలి, కింద బొటనవేలూ చూపుడువేలూ వేరే పని చేస్తూ ఉండాలి. వింటేనే నా వేళ్ళు బిగుసుకున్నాయి. అది రాసిన షోపెనే ఒక శిష్యురాలు రోజుకి ఆరు గంటలు సాధన చేస్తున్నానంటే కోప్పడి, మూడు గంటలు మించొద్దన్నాడట. ఆయన మాటైనా విను.

మన పియానో ఎంత బెట్టు చేసేదో గుర్తుందా? గోపాలపూర్‌లో ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోతున్న వాళ్ళ దగ్గర కొన్నాం. సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. వానాకాలంలో చెక్క చెమ్మ పీల్చి ఉబ్బి, మెట్లు నొక్కితే నొక్కినట్టే ఉండిపోయేవి, శ్రుతి పైకెక్కేది. మగ్గానికేమో చెమ్మ కావాలి, ఎండిన గాలికి పట్టుపోగులు పుటుక్కున తెగిపోతాయి. ఒకే ఇంట్లో రెండూ ఎలా బతికాయో! వీధివైపు గది దానికిచ్చి, మగ్గం వెనక్కి జరిపాం. నువ్వు వాయిస్తుంటే వెనక గదిలో నా కాళ్ళు నీ లయకి తొక్కేవి. ఆ రోజుల్లో నేసిన చీరలే బాగా కుదిరాయని అమ్మ అంటుంది, నిజమే.

డబ్బు గురించి నువ్వు లెక్కలు వేసుకుంటున్నావని తెలుసు. ఫీజులు, హాస్టలు, శ్రుతి చేసేవాడి రానుపోను ఖర్చులు. పోటీలో గెలిస్తే అవన్నీ తీరిపోతాయని నీ ఆశ. మన దేశిబెహెరా వీధికి బుఢీ ఠకురాణి అమ్మవారు రెండేళ్ళకోసారి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. వీధంతా ముగ్గులు పెట్టి ఎదురెళ్తాం. ఏం గెలుచుకొచ్చావమ్మా అని ఆమెని ఎవరైనా అడిగారా?

డాక్టరుకి చూపించుకో. ఏ మెట్టు దగ్గర ఎలా నొప్పి పుడుతోందో దాచకుండా చెప్పు. ఆగమంటే ఆగు, చెన్నై మెయిలెక్కి వచ్చేయ్. చెయ్యి కదపకుండా కూడా సాధన ఉంటుందని ఆ పుస్తకంలోనే ఉంది. గీజెకింగ్ అనే పియానో విద్వాంసుడు పియానో ముట్టుకోకుండా కాగితం చూసే కృతి అంతా మనసులో ఎక్కించుకునేవాడట, రైల్లో కూర్చుని కూడా. నీ స్వరాల పుస్తకం సంచిలో పెట్టుకో, కిటికీ పక్క సీటు తీసుకో. చిలికా దాకా వెళ్ళిపోకుండా బరంపురంలో దిగు, చిన్నప్పుడోసారి పుస్తకంలో పడి స్టేషను మర్చిపోయావు.

స్టేషనుకి నేనే వస్తాను. పెట్టె తమ్ముడు మోస్తాడు, నువ్వు పట్టుకోకూడదు. పియానో మూతకి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకి ఉంది. డాక్టరు రాసిచ్చిన కాగితం చూపిస్తేనే ఇస్తాను.

నాన్న