బిజయ, విజయ ఒకరేనని నిలబెట్టిన వాళ్లకి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. పోయిన వారం నాకు యూకే స్పౌజ్ వీసా వచ్చింది. ఇందులో పోస్టు పెట్టేంత ఏముంది అనుకోకండి, ఒకసారి కాదని తిప్పి కొట్టాక అక్కడ వీసా అప్పీళ్లు వినే కోర్టు లాంటి ట్రిబ్యునల్ దాకా వెళ్లి తెచ్చుకున్న వీసా ఇది. మూడు పేజీల రిజెక్షన్ లెటర్ చదివిన రోజు అమ్మ అన్నం కూడా వండలేదు.

కాదనడానికి రెండు కారణాలు చెప్పారు. ఒకటి జీతం. భార్యను పిలిపించుకోవాలంటే 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. అంతకుముందు 18,600 ఉండేది. మా ఆయన జీతం 31,000, సరిపోతుంది. కానీ ఆరు నెలల పే స్లిప్పులతో పాటు ఆ జీతం ఖాతాలో పడినట్టు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా పెట్టాలి. అప్లికేషన్ నింపిన ఏజెంటు ఐదు నెలలవే పెట్టాడు.

రెండోది నా పేరు. పాస్‌పోర్టులో విజయతో మొదలవుతుంది, పెళ్లి సర్టిఫికెట్లో బిజయతో. ఇద్దరూ ఒకరేనని రుజువు లేదన్నారు. ఒడియాలో మన 'వ' పలకదు. విజయ బిజయ అవుతుంది, వాణి బాణి అవుతుంది. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, ఇప్పటికీ మా తెలుగు ఇళ్లలో చాలామందికి రెండు పేర్లు. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్తే విజయ, ఇటు వస్తే బిజయ. నా మెట్రిక్ సర్టిఫికెట్లో బళ్లో రాసిన బిజయే ఉంది, పెళ్లి రిజిస్ట్రేషన్‌కి అదే చూపించాం. మాకు ఇది విడ్డూరమే కాదు. యూకేలో కూర్చున్న ఆఫీసరుకి ఎలా తెలుస్తుంది?

మళ్లీ కొత్తగా అప్లై చేసేద్దాం అన్నాడు ఏజెంటు. ఫీజు మళ్లీ వస్తుంది కదా అతనికి! మా ఆయన స్నేహితుడొకరు తనకి తెలిసిన సొలిసిటర్ (అక్కడి లాయరు) మేడమ్ నంబరిచ్చారు. ఆవిడ లెటర్ చదివి ముందు అడిగింది తేదీ. ఇండియాలో ఉన్నవాళ్లకి అప్పీలుకి 28 రోజులే గడువు, మాకు అప్పటికే 19 అయిపోయాయి. విజిట్ వీసాకైతే మామూలుగా అప్పీలు ఉండదట. భార్యాభర్తల వీసా కుటుంబ జీవితపు హక్కుకి సంబంధించింది కాబట్టి ఉంటుందట. విచారణతో కలిపి ట్రిబ్యునల్ ఫీజు 140 పౌండ్లు. ఇలాంటి కేసులకి అక్కడ ఉచిత న్యాయసహాయం 2013 నుంచి దాదాపు లేదు, అందుకని తన ఫీజు ఎప్పుడెప్పుడు ఎంత కట్టాలో మొదటి రోజే కాగితం మీద రాసిచ్చారు. తప్పకుండా గెలుస్తామని మాత్రం ఒక్కసారీ అనలేదు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

రెండోసారి వీడియో కాల్లో ఆవిడ అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను. "ఒడియాలో 'వ' ఉందా?" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను చెప్పిందంతా రాసుకుని, "మీ రెండు పేర్లూ ఒకే కాగితం మీద ఎక్కడైనా ఉన్నాయా?" అన్నారు. బీరువా అంతా వెతికితే మా శుభలేఖ దొరికింది. ఒకవైపు తెలుగు, వెనక ఒడియా. తెలుగులో విజయ, ఒడియాలో బిజయ. తల్లిదండ్రుల పేర్లు అవే, ముహూర్తం అదే, నాలుగు మూలలా అమ్మ పెట్టిన పసుపు.

మా వీధి ప్లీడరు బాబాయి ఆ సాయంత్రమే అఫిడవిట్ రాసి నోటరీ చేయించారు. డబ్బులివ్వబోతే, "స్టాంపు కాగితం ఖర్చు ఇవ్వమ్మా చాలు" అన్నారు. శుభలేఖ రెండు వైపులా ఇంగ్లీషులోకి తర్జుమా చేసి సంతకం పెట్టిన మాస్టారికీ నా దండాలు.

విచారణ రోజు మా ఆయనే సాక్ష్యం చెప్పారు. నేను ఇండియా నుంచి వీడియోలో చెప్పాలంటే ఇక్కడి ప్రభుత్వానికి అభ్యంతరం లేదని తేలాలట, అందుకని నా మాట రాతలోనే ఇచ్చాను. అక్కడ పది గంటలంటే మాకు మూడున్నర. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే అక్కడి ప్రభుత్వ శాఖ) తరఫు ఆయన నా పేరు గురించి అడగ్గానే, మా తరఫున వాదించిన బారిస్టరు శుభలేఖ ఉన్న పేజీ తెరవమన్నారట. జడ్జి కాసేపు చూసి, ఆ పసుపు ఏమిటని అడిగారట.

తీర్పు మూడు వారాలకి మెయిల్లో వచ్చింది, అప్పీలు అంగీకరించామని. దాని మీద పైకి వెళ్లడానికి హోమ్ ఆఫీస్‌కి 14 రోజులుంటాయి. వాళ్లు వెళ్లలేదు. ఆ తర్వాత పాస్‌పోర్టు పంపమన్నారు.

మనవాళ్లకి ఒక్క మాట. అక్కడ సొలిసిటర్ కాని సలహాదారు ట్రిబ్యునల్లో మీ తరఫున వాదించాలంటే ఐఏఏలో (ఇమిగ్రేషన్ సలహాదారులను నమోదు చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ) లెవెల్ 3 ఉండాలి. అడిగి మరీ చూసుకోండి. మా ఏజెంటుకి ఆ పేరే తెలియదు.

మేడమ్, ఇది మా ఆయన మీకు చదివి వినిపిస్తారు. శుభలేఖ ఒకటి మీ ఆఫీసులో పెట్టుకుంటానన్నారు కదా, పెట్టెలో సర్దాను. మూలలకి పసుపు అమ్మ మళ్లీ కొత్తగా పెట్టింది.